ఎర్ర బెలూను వెతుక్కుంటూ మిర్యాలగూడ దాకా

సూర్యాపేట మీదుగా నేను రోజూ వేలమందిని దాటించేవాణ్ణి. ఆ సంగతి వాళ్లకు తెలియదు, సూర్యాపేటకూ తెలియదు. నేను హైదరాబాదులో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌ని. ఈ మాట చెప్పగానే అందరూ అద్దాల గది ఉన్న ఎత్తయిన టవరును ఊహించుకుంటారు. టవరు వాళ్లు వేరు. వాళ్లకు రన్‌వే కనిపిస్తుంది, వాన కనిపిస్తుంది, అప్పుడప్పుడూ ఇంద్రధనుస్సు కూడా కనిపిస్తుంది. మాది కిటికీల్లేని గది. విమానం టవరు చేయి దాటి పైకి లేచాక మా చేతికొస్తుంది. దాన్ని కొంతదూరం నడిపించి పక్క కేంద్రానికి అప్పజెబుతాం. దేశం మీదున్న ఆకాశమంతా ఇలా ముక్కలుగా పంచుకుని, పసిపిల్లను ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకున్నట్టు అందుకుంటూ ఉంటాం. విమానానికీ విమానానికీ మధ్య పైనా కిందా వెయ్యి అడుగులు, పక్కలకు కొన్ని మైళ్లు ఎడం ఉండాలి. ఆ ఎడం తగ్గకుండా చూడటమే మా ఉద్యోగం. తగ్గనన్నాళ్లూ మేం ఉన్నామని ఎవరికీ గుర్తుండదు.

మా తెర మీద ఊళ్లుండవు. దారులు కలిసే చోట్లకు ఏ భాషలోనూ అర్థం లేని ఐదక్షరాల పేర్లుంటాయి. అందుకే పదేళ్లుగా కోదాడ మీద విమానాలు తిప్పుతున్నా కోదాడలో ఇడ్లీ ఎలా ఉంటుందో నాకు తెలియదు.

రెండువేల పది శ్రావణమాసంలో ఒక పొద్దున విజయవాడకు దిగుతున్న చిన్న విమానం పైలట్ రేడియోలో, "ఎడమవైపు ఎర్ర బెలూన్, చాలా పెద్దది, దాని మీద ఏదో రాసి ఉంది" అన్నాడు. తెర మీద నాకేమీ కనిపించలేదు. మా రాడారు ప్రశ్న వేస్తే విమానంలోని పరికరం జవాబు చెబుతుంది. ఆ జవాబే మాకు చుక్కగా కనిపిస్తుంది. బెలూను ఎవరికీ జవాబు చెప్పదు. వెనక వస్తున్న విమానాన్ని పక్కకు తిప్పాను. ఇంకొకదాన్ని దిగనివ్వకుండా పైనే ఆపాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఫైలు మొదలైంది.

బెలూను ఎవరిదో కనుక్కోమని జిల్లాకు రాస్తే, "మా పరిధిలో అటువంటి బెలూను ఏదీ లేదు" అని జవాబొచ్చింది. అబద్ధం కాదు. అది అప్పటికి వాళ్ల పరిధి దాటి నా పరిధిలోకి వచ్చేసింది.

"పైలట్‌తో మాట్లాడింది నువ్వే కదా, నువ్వే వెళ్లి కనుక్కో" అన్నాడు మా పై అధికారి. గోడ మీది రోడ్డు మ్యాపులో సూర్యాపేట మీద వేలు పెట్టి అక్కడినుంచి మొదలుపెట్టమన్నాడు. ఆ దారిలో ఆయన దిగి టీ తాగిన ఊరు అదొక్కటే.

సూర్యాపేట

హైవేను వెడల్పు చేస్తున్నారు. బస్సు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు, ఇంకో పక్కనుంచి మట్టిలోకి మారుతూ వెళ్లింది. ఆకాశంలో దారి మార్చాలంటే నేను ఒక్క మాట చెబితే చాలు. ఇక్కడ ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఒక్క మాట కూడా చెప్పకుండా మమ్మల్ని అరగంట నిలబెట్టాడు. లోపల నలభైమంది ఆయన్ని తిట్టారు. గాల్లో ఆగిన విమానాల్లో నన్నూ ఇలాగే తిట్టుకుంటారని మొదటిసారి తట్టింది.

సూర్యాపేట బజారులో పందిళ్లు, కుర్చీలు, బెలూన్లు కిరాయికిచ్చే టెంట్‌హౌస్ ఒకటి దొరికింది. యజమాని యాదగిరి స్టీలు కుర్చీ లాగి, కూర్చోబెట్టి, టీ తెప్పించాడు.

"ఏం ఫంక్షన్ సార్? పెండ్లా, షాప్ ఓపెనింగా?"

"ఫంక్షనేం లేదు. బెలూను గురించి అడుగుదామని."

"పొల్లగాని బర్త్‌డేనా?"

"కాదు. గాలిలోకి లేపే పెద్ద బెలూను."

"గట్ల జెప్పు! లీడర్ వస్తుండా?"

మా కోనసీమలో ముక్కూమొహం తెలియనివాణ్ణి కూడా "అండీ" అంటారు, అరుగు ఎక్కమని మాత్రం అనరు. ఇక్కడ చూసిన క్షణంలోనే "నువ్వు" అయిపోయాను, మూడో క్షణంలో చేతిలో టీ గ్లాసు ఉంది. లీడరెవరూ రావడం లేదని చెప్పేసరికి యాదగిరికి కాస్త ఆసక్తి తగ్గింది గానీ, బెలూను ఎలా లేపుతారో ఓపిగ్గా చెప్పాడు. సిలిండరుతో గ్యాసు నింపుతారు, నైలాను తాడు కడతారు, ఆ తాడును మేకుకో స్తంభానికో బిగిస్తారు.

"తాడు తెగితే?"

"తెగితే పోతది సార్."

"ఎక్కడికి పోతుంది?"

"మీదికి."

"మీద ఏముంటుంది?"

యాదగిరి నావైపు జాలిగా చూశాడు. "మీదేముంటది సార్! ఖాళీ."

నా పదేళ్ల సర్వీసు ఆ ఒక్క మాటతో ఖాళీ అయిపోయింది. తన దగ్గర తెల్లవీ పచ్చవే గానీ ఎర్రవి లేవనీ, కోదాడ దిక్కు అడగమనీ చెప్పి సాగనంపాడు.

మునగాల

కోదాడ బస్సు మునగాల దగ్గర టైరు పంక్చరై ఆగింది. ఎదురుగా ధాబా. వెనక నాట్లు వేసిన పొలాలు, ముందు లారీల వరస. పెనం దగ్గరున్న ఐలయ్య ధాబా యజమాని. ఆమ్లెట్టు వేస్తూనే నా పుట్టుపూర్వోత్తరాలు అడిగాడు. విమానాలకు దారి చూపించే ఉద్యోగం అన్నాను.

"అంటే ట్రాఫిక్ పోలీసా?"

"అలాంటిదే. చలాన్లు రాయం, అంతే తేడా."

"ఏ ఊరు సార్ మీది?"

"అమలాపురం దగ్గర."

ఐలయ్య ఆమ్లెట్టు తిరగేశాడు. ఆ రోజుల్లో ఆ దారిలో ఏ గోడ చూసినా తెలంగాణ నినాదమే ఉండేది. ధాబా గోడ మీద కూడా ఉంది. "నీళ్లు మీ దిక్కే పాయె, నౌకరీలు మీ దిక్కే పాయె అనుకుంటున్నం. మొగులు గూడ మీ చేతుల్నే ఉన్నదా సార్?"

లారీ డ్రైవర్లు పగలబడి నవ్వారు. మొగులంటే ఆకాశమని అర్థమయ్యాక నేనూ నవ్వాను. మా గదిలో తమిళులున్నారు, మలయాళీలున్నారు, బీహారువాళ్లున్నారు అని సర్దిచెప్పబోయాను.

"మంచిదే. మావోళ్లెంతమంది ఉన్నరు మరి?"

మనసులో లెక్కపెట్టుకుని, గ్లాసెత్తి మంచినీళ్లు తాగాను. ఐలయ్య దాన్నే జవాబు కింద తీసుకుని, పళ్లెంలో ఇంకాసిని ఉల్లిపాయ ముక్కలు వేశాడు. ఆమ్లెట్టులో వేసిన పచ్చిమిర్చి మా ఇంట్లో వారానికి సరిపోతుంది. కళ్లలో నీళ్లు తిరిగితే, అడిగిన మాటకు నొచ్చుకున్నాననుకుని, "ఊకె అన్న సార్, దిల్ మీదికి తీస్కోకు" అని ఓదార్చాడు.

కోదాడ

కోదాడలో ఇడ్లీ మా ఊరి ఇడ్లీలాగే ఉంది, పక్కన అల్లం చట్నీతో సహా. మాట కూడా సగం మా వైపుకు వాలి ఉంటుంది. ఒకే వాక్యం "ఏంది సార్" అని మొదలై "అండి" అని ముగుస్తుంది. టిఫిను బండి దగ్గర బెలూను సంగతి ఎత్తగానే ఒకతను, "ఆకాశంలోంచి ఎర్ర పట్టా పడింది సైదులు పొలంలోనే కదండి!" అన్నాడు. జిల్లా యంత్రాంగానికి దొరకనిది రెండో ఇడ్లీలో దొరికింది.

సైదులు ఊరి బయట చిన్న రైతు. నేను వెళ్లేసరికి వాన పడుతోంది. గేదెల కొట్టం మీద ఎర్రటి పట్టా బిగించి కట్టి ఉంది. దాని మీద తలకిందులుగా తెల్లటి అక్షరాలు: "రైస్ ఇండస్ట్రీస్, మిర్యాల". నన్ను చూసి సైదులు కొట్టానికి అడ్డంగా నిలబడ్డాడు.

"దీన్ని తీస్కపోనీకె వచ్చిన్రా?"

"లేదు, చూసి పోదామని."

"పోయినేడంతా కొట్టం కురిసిందండి. దేవుడికి మొక్కుకున్న. పట్టా ఆయనే ఏసిండు."

ఆ పట్టాను దేవుడు వేస్తున్నప్పుడు దారిలో ఒక విమానం ఉందని చెప్పబోయి మానుకున్నాను. పాకలో గేదెలు పొడిగా, సుఖంగా నెమరువేస్తున్నాయి.

మిల్లు పేరున్న ముక్క ఏదని అడిగితే తమ్ముడు తీసుకెళ్లి బోరు మోటారు మీద కప్పుకున్నాడన్నాడు. ఆ మోటారు దగ్గరికి గట్టు మీదనుంచి వెళుతూ జారి మోకాలిదాకా బురదలో దిగాను. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. తీరా వెళ్లి చూస్తే పట్టా మడతలు వేసి, ముడులు బిగించి ఉంది. ముడి విప్పితే మోటారు తడుస్తుంది. పేరులో మొదటి అక్షరం "శ్రీ" మాత్రం కనిపించింది. మిర్యాలగూడలో "శ్రీ" లేని రైసుమిల్లు ఉంటుందా! సైదులు తన చెప్పులు ఇవ్వబోయాడు. వద్దని కోదాడ బజారులో కొత్తవి కొనుక్కున్నాను.

నేరేడుచర్ల

హుజూర్‌నగర్ మీదుగా నేరేడుచర్ల చేరి అక్కడ షేరాటో ఎక్కాను. నలుగురు పట్టే చోట ఎనిమిదిమందిమి, రెండు యూరియా బస్తాలు. ఎడం అనే నా వృత్తిధర్మానికి ఆ ఆటోలో చోటు లేదు. నా మోచేయి పక్కాయన డొక్కలో ఉంది, ఎదురుగా కూర్చున్న పెద్దావిడ సంచి నా ఒళ్లో ఉంది. మిర్యాలగూడలో కొత్తగా తెరిచిన మిల్లేదైనా ఉందా అని ఆమెనే అడిగాను.

"రాంరెడ్డి పటేల్ మిల్లు దెర్సిండు గద. మా ఆడిబిడ్డ పోయొచ్చింది. ఆడ బుగ్గ తెగిపోయిందట!"

"అయ్యో, ఎవరి బుగ్గ?"

"పటేల్‌దే."

"మరి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారా?"

ఆటో అంతా నావైపు చూసింది. ఆమెకు విషయం అర్థమై, సంచి జారిపోయేంతగా నవ్వింది. "బుగ్గంటే గీ బుగ్గ గాదు సారూ" అంటూ నా చెంప గిల్లి చూపించింది. "గాలి బుగ్గ. మొగులు మీదికి పోయేది."

మా వైపు దాన్ని బూర అంటాం. రెండు రోజులుగా నేను బెలూను, బెలూను అంటూ తిరుగుతున్నాను.

మిర్యాలగూడ

ఊరు రాకముందే ఉడికిన వడ్ల వాసన వస్తుంది. రోడ్డు పక్కన ధాన్యం లారీలు ఒకదాని వెనక ఒకటి తమ వంతు కోసం ఆగి ఉన్నాయి. వాటిని పిలవడానికి రేడియో లేదు. మిల్లు గేటు దగ్గర ఒకాయన గట్టిగా ఈల వేస్తాడు, అంతే. ఏ లారీ తొందరపడలేదు.

రాంరెడ్డి తెల్లచొక్కా మనిషి. తాతలనాటి నుంచి వ్యవసాయం, ఇప్పుడు మిల్లు, మనసులో రాబోయే ఎన్నికలు. నేనొస్తున్నట్టు ఆయనకు కోదాడ నుంచి ముందే కబురు అందింది. అడగకముందే ఒప్పుకున్నాడు.

"బుగ్గ మాదే సార్, దాపుడేముంది? లేపింది మేమే. తెంపింది గొర్లోళ్లు. ఎనక బీరయ్యని ఉంటడు, ఆయన పెండ్లాం మల్లమ్మ కొడవలితోటి కోసింది. నలుగురు సూసిన్రు. మీరు గదే రాయున్రి."

ముందు భోజనం అన్నాడు. బగారా అన్నం, నాటుకోడి కూర, తలకాయ కూర, గడ్డపెరుగు. మా వైపు విందుల్లో తీపితో మొదలుపెట్టి మొహమాటంతో ముగిస్తారు. ఇక్కడ ముక్కలు వద్దంటే వడ్డించేవాడి మొహం చిన్నబోతుంది. తింటున్నంతసేపూ నాకొకటే సందేహం. అబద్ధం రాయమని భోజనం పెట్టేవాళ్ల గురించి విన్నాను. ఈయన నిజం రాయమని పెడుతున్నాడు. మరి ఈ ముద్ద గొంతు దిగదేమిటి?

కారణం చేయి కడుక్కుంటుంటే తెలిసింది. మిల్లు వెనక గోడకు పునాది తీస్తున్నారు. ఆ గోడ కడితే గొర్రెలు మేతకు వెళ్లే దారి మూసుకుపోతుంది. "హైదరాబాద్ పెద్ద సారు వస్తుండు, ఆయన రాసుకపోయినంక మీ బాట బంద్ అని చెప్పిన బీరయ్యకు" అన్నాడు రాంరెడ్డి సంతోషంగా. అంటే నేను రాకముందే నా పేరు పనిచేయడం మొదలుపెట్టింది.

గొర్రెల మంద దగ్గర

మిల్లు వెనక గొర్రెల దొడ్డి దగ్గర అయిదారుగురు ఉన్నారు. బీరయ్య ఇల్లెక్కడని అడిగితే తెలియదన్నారు. మల్లమ్మ ఎక్కడని అడిగితే ఊళ్లో లేదన్నారు. బీరయ్య అనేవాడు అసలు ఎప్పుడూ లేడని ఒక ముసలాయన అన్నాడు. ఆయనే బీరయ్య అని తర్వాత తెలిసింది.

వెనకనుంచి యాభై ఏళ్ల ఆడమనిషి, చంకలో తెల్ల గొర్రెపిల్లతో ముందుకొచ్చింది.

"దేనికి దాపెడ్తరు? నేనే మల్లమ్మను. కోసింది నేనే."

మంచం వాల్చారు. మల్లమ్మ గిన్నెలో ఉడికించిన పెసర గుడాలు పెట్టింది. మా వైపు గుగ్గిళ్లంటాం. అప్పుడే విందు తిని వచ్చానని చెప్పలేక తిన్నాను. అవి మాత్రం హాయిగా దిగాయి.

"ఏం జరిగిందమ్మా?"

"మిల్లు కాడ బాజాలు, జనం. నేను మందను తోల్కపోతున్న. బుగ్గ తాడు మా బాట మీదనే మేకుకు గట్టిన్రు. కావలి ఒక్కడు లేడు. గాలి దుమారమొచ్చి బుగ్గ కిందికి ఒంగింది, తాడు ఒదులై నేల మీద వడ్డది. గీ పిల్ల కాలు అండ్ల ఇరికింది. మల్ల బుగ్గ మీదికి లేసింది సూడు, పిల్ల ఎనక కాళ్లు గాల్లకు లేసినై. తల కిందికి, కాళ్లు మీదికి, ఈడ్సుకపోతుంది. ఒర్రిన. బాజాల సప్పుడుల ఎవలింటరు? నడుముకు కొడవలుండె. కోసిన."

"తర్వాత?"

"బుగ్గ మొగులుకెక్కింది. జనమంత సప్పట్లు గొట్టిన్రు. గట్లనే ఇడుస్తరేమో అనుకున్నరు."

గొర్రెపిల్ల కాలు చూపించింది. తాడు ఒరుసుకున్న చోట బొచ్చు ఊడి గులాబీరంగు చర్మం కనిపిస్తోంది. పసుపు రాసి ఉంది. నేను అడగాల్సినవి అయిపోయాయి. అప్పుడు ఆమె అడిగింది.

"నీ ఇమానానికి ఏమన్నయిందా బిడ్డా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. మా అధికారి ఎవరిది తప్పు అన్నాడు. జిల్లావాళ్లు ఎవరి పరిధి అన్నారు. రాంరెడ్డి ఎవరు కోశారో చెప్పాడు. నేను కూడా కొత్త చెప్పులేసుకుని వచ్చింది ఎవరు అని అడగడానికే.

"ఏమీ కాలేదమ్మా. పక్కనుంచి వెళ్లిపోయింది."

"ఎంతమందుంటరు అండ్ల?"

"అరవై, డెబ్బైమంది."

"పిల్లలు గూడ ఉంటరా?"

"ఉంటారు."

ఆమె గొర్రెపిల్లను కిందికి దింపి, మళ్లీ ఎత్తుకుంది. "నాకేం దెల్సు బిడ్డా. మీద మనుషులున్నరని దెల్వకపాయె. గిది ఒర్లుడే ఇన్న." కొంగుతో కళ్లొత్తుకుంది. "దెల్సినా దీన్ని ఇడ్సిపెట్టకపోదునేమో. ఏం జేద్దునో దెల్వదు."

గాల్లో రెండు విమానాలు ఎదురుపడితే ఏది ముందు, ఏది తర్వాత అని మాకు పుస్తకాలు ఉన్నాయి. ఒక పక్క విమానం, ఇంకో పక్క గొర్రెపిల్ల ఉంటే ఏం చేయాలో ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

బీరయ్య అప్పుడు దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "సారూ, ఆమె పేరు రాస్తే మా బాట పోతది. తాతలనాటికెళ్లి గిదే బాట. సుట్టు తిరిగి పోవాల్నంటే లారీల నడుమ పోవాలె. మంద ఖతమైతది."

ఏం రాస్తానో వాళ్లకు మాటివ్వలేదు. అప్పటికి నాకే తెలియదు.

తిరుగు ప్రయాణం

మిర్యాలగూడ బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చుని రాశాను. విమానాల దారికి ఎదురొచ్చేంత పెద్ద బెలూను లేపాలంటే ముందు అనుమతి కావాలి. మిల్లు తీసుకోలేదు. తాడు దగ్గర మనిషిని పెట్టాలి. పెట్టలేదు. తాడును జనం నడిచే బాట మీద కట్టారు. అందులో ఒక జీవం చిక్కుకుంటే విడిపించడానికి కోశారు. కోసింది ఎవరన్నది ఫైలుకు అవసరం లేదనిపించింది. లేదా అవసరం లేదని నాకు నేను చెప్పుకున్నాను. రాంరెడ్డి భోజనం గుర్తొచ్చి కాసేపు ఇబ్బంది పడ్డాను. మనిషి చెడ్డవాడు కాదు, కూర మరీ బాగుంది.

మా అధికారి కాగితాలన్నీ చదివి ఒక్క ప్రశ్న వేశాడు. "జీవం అంటే? మేకపిల్లా, గొర్రెపిల్లా?"

"గొర్రెపిల్ల."

"సరిగ్గా రాయాలి కదా" అని దిద్ది సంతకం పెట్టాడు.

ఆ కాగితం జిల్లాకు వెళ్లింది. బెలూను ఎక్కడ కట్టారో నిర్ధారించడానికి రెవెన్యూవాళ్లు మిల్లుకు వచ్చారట. రాంరెడ్డి తానే ముందు నడిచి, ఉత్సాహంగా మేకు ఉన్న చోటు చూపించాడట. వాళ్లు గొలుసు వేసి కొలిస్తే ఆ మేకు మిల్లు స్థలంలో లేదు, సర్కారు బాటలో ఉంది. తవ్విన పునాది కూడా దాంట్లోనే ఉంది. పునాది పూడ్చమన్నారు.

ఇదంతా నాకు చెప్పింది రాంరెడ్డే, ఫోనులో. కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది గొంతులో.

"మీరు రాసింది బుగ్గ గురించి గద సార్. మరి నా గోడెందుకు ఆగింది?"

"నేల మా పరిధిలోకి రాదు రాంరెడ్డిగారూ" అన్నాను. నిజమే చెప్పాను.

ఆయన అసలు సంగతికొచ్చాడు. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ఈసారి ఇంకా పెద్ద బుగ్గ లేపాలని ఉంది. "ఈపారి అంత ఖాయిదా ప్రకారమే సార్. ఎవర్నెవర్ని అడగాలె?"

"ముందు మమ్మల్ని అడగండి. మేం సరేనన్నాక మల్లమ్మను అడగండి."

అవతలనుంచి పెద్దగా నవ్వు వినిపించింది.

"గట్లయితే కాదు తియ్ సార్. మీరు ఒప్పుకున్నా ఆమె ఒప్పుకోదు."